డ్యూటీ ఎక్కాక ఏ డబ్బు ఆగుతుంది, ఏది ఆగదు

మెషిన్‌లో చెయ్యి పడో, డ్యూటీకి వస్తూ దారిలో బండి జారిపడో నెలల తరబడి ఇంట్లో ఉన్న మనిషి మళ్లీ పనిలోకి వెళ్లాలనుకున్నప్పుడు ముందు అడిగేది ఒకటే. "డ్యూటీ ఎక్కితే వచ్చే డబ్బు ఆగిపోతుందా?" రూములో ఉండేవాళ్లు ఒకటి చెబుతారు, కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్ ఇంకొకటి చెబుతాడు. అది విని కొందరు పనిలోకి వెళ్లే వీలున్నా భయంతో ఇంట్లోనే ఉండిపోతారు. ఇంకొందరు చెప్పాపెట్టకుండా పనికి వెళ్తూ, రెండు వైపులా డబ్బు తీసుకుని తర్వాత రికవరీ నోటీసు అందుకుంటారు.

చేతికి వచ్చేది డబ్బే అయినా అది ఇవ్వడానికి కారణాలు మూడున్నాయి. మొదటిది, మీరు ఇప్పుడు పని చేయలేకపోతున్నారు కాబట్టి ఇచ్చేది. రెండోది, మీ ఒంట్లో శాశ్వతంగా పోయినదానికి పరిహారంగా ఇచ్చేది. మూడోది, వైకల్యం ఉండి ఇంట్లో ఆదాయం కూడా తక్కువగా ఉంది కాబట్టి ఇచ్చేది. డ్యూటీ ఎక్కగానే మొదటిది ఆగుతుంది. రెండోది ఆగదు. మూడోది మీ కుటుంబానికి ఎంత జీతం వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీకు వచ్చే డబ్బు ఈ మూడింటిలో ఏదో తెలుసుకోకుండా హెచ్‌ఆర్‌తోనూ, ఆఫీసులోనూ ఏ మాటా ఒప్పుకోకండి.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది ఈఎస్‌ఐతో మొదలవుతుంది. పని వల్ల గాయమై పని చేయలేని రోజులకు ఈఎస్‌ఐ ఇచ్చేది తాత్కాలిక వైకల్య ప్రయోజనం. ఆఫీసులో దీన్ని టీడీబీ అంటారు. సగటు రోజు వేతనంలో 90 శాతం ఇస్తారు. దీనికి ఇన్ని నెలలు కంట్రిబ్యూషన్ కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, డ్యూటీతో సంబంధం చూపించగలిగితే, వర్తిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. జీడిమెట్లలో పవర్ ప్రెస్ ఆపరేటర్, నెలకు 18,000 రూపాయల జీతం అనుకుందాం. రోజుకు సుమారు 600 పడుతుంది, అందులో 90 శాతం 540. డెబ్బై అయిదు రోజులు ఇంట్లో ఉంటే 40,500 వస్తుంది. జీతంతో పోలిస్తే తగ్గేది పదో వంతే. కానీ ఈ డబ్బు రోజు లెక్కన ఇస్తారు, పైగా ఇందులో సగం రోజు అనేది లేదు. పని చేసిన రోజుకు టీడీబీ రాదు. జీతంతో కూడిన సెలవులో ఉన్న రోజుకూ రాదు.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కంపెనీ వాళ్లు మంచికే అనుకుని, మీరు ఆసుపత్రిలో ఉన్న మొదటి పదిహేను రోజులను మీ ఖాతాలోని ఎర్న్‌డ్ లీవుల్లో సర్దేసి జీతం వేస్తారు. ఆ సంగతి మీకు తెలియదు. మీరు అవే రోజులకు డిస్పెన్సరీ సర్టిఫికెట్ పెట్టి టీడీబీ తీసుకుంటారు. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, కాగితాల మీద మాత్రం ఒకే రోజుకు రెండు చెల్లింపులు కనిపిస్తాయి. ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసు ఆ తేదీలకు కంపెనీ నుంచి వివరం తెప్పించుకుంటుంది. తేడా వస్తే క్లెయిమ్ ఆగవచ్చు, ఆ రోజులకు ఇచ్చినదాన్ని వెనక్కి రాబడతారు. కాబట్టి ప్రమాదం జరిగిన వారంలోపే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా, ఒక మాట పెట్టండి: "ఈ తేదీ నుంచి నేను ఈఎస్‌ఐ సర్టిఫికెట్ మీద ఉన్నాను, నా లీవులు వాడవద్దు." ఒకవేళ లీవు జీతమే మీకు లాభమనిపిస్తే ఆ రోజులకు ఈఎస్‌ఐలో క్లెయిమ్ పెట్టకండి.

రెండో ఉచ్చు లైట్ డ్యూటీ. నెల గడిచేసరికి షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ చేస్తాడు. "బరువు ఎత్తొద్దు, గేటు దగ్గర రిజిస్టర్ రాస్తూ కూర్చో, చెయ్యి నొప్పి వస్తే వెళ్లిపో" అంటాడు. మంచితనంగానే అనిపిస్తుంది. మీరు వెళ్లి మస్టర్‌లో సంతకం పెడితే ఆ రోజు మీరు పని చేసినట్టే. డాక్టర్ మాత్రం ఆ రోజు మీరు పని చేయలేరని రాసిచ్చి ఉన్నాడు. ఇలాంటివి నాలుగు రోజులు పోగైతే మీ గాయం మీదే అనుమానం మొదలవుతుంది. లైట్ డ్యూటీకి వెళ్లడం తప్పు కాదు. వెళ్లేముందు డిస్పెన్సరీలో డాక్టర్‌ను కలిసి, ఆ తేదీ నుంచి పనికి ఫిట్ అని రాసే ఫైనల్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాతే మస్టర్‌లో సంతకం పెట్టాలి. ముందు సంతకం, తర్వాత సర్టిఫికెట్ అయితే కష్టం.

ఫైనల్ సర్టిఫికెట్ విషయంలో తొందరపడవద్దు. "వచ్చే సోమవారానికి రాకపోతే నీ ప్లేస్‌లో వేరేవాణ్ణి పెట్టేస్తాం" అన్న మాట వినని కార్మికుడు ఉండడు. ఆ ఒత్తిడి నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పలేను. ఉద్యోగం నిలుపుకోవడానికి వారం ముందుగా వెళ్లాల్సిరావచ్చు. అలా వెళ్లాల్సి వస్తే రెండు పనులు చేయండి. ఫైనల్ సర్టిఫికెట్ ఇస్తున్న డాక్టర్‌కు ఇంకా ఏం మిగిలి ఉందో స్పష్టంగా చెప్పండి: పిడికిలి బిగియడం లేదు, మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాను, మెట్లెక్కితే మోకాలు పట్టేస్తోంది. అవి మీ కేసు పుస్తకంలో రాయించుకోండి. పనిలోకి వెళ్లాక అదే గాయం తిరగబెడితే, అదే రోజు అదే డిస్పెన్సరీకి వెళ్లి, ఇది పాత ప్రమాదం తాలూకు నొప్పే అని రాయించుకోండి. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని పది రోజులు నెట్టుకొచ్చి తర్వాత వెళ్తే, కొత్త జబ్బు అంటారు. అప్పుడు వచ్చేది సిక్‌నెస్ బెనిఫిట్. అది 70 శాతమే, కంట్రిబ్యూషన్ షరతులు ఉంటాయి, ఏడాదికి 91 రోజులు దాటదు.

ఇప్పుడు రెండో రకం డబ్బు సంగతి. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసుకునేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గాయం మానిన తర్వాత కూడా శాశ్వతంగా ఏదైనా మిగిలిపోతే ఈఎస్‌ఐ శాశ్వత వైకల్య ప్రయోజనం ఇస్తుంది. పీడీబీ అంటారు. సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది. టీడీబీ రేటులో ఆ శాతాన్ని నెలనెలా, జీవితాంతం ఇస్తారు. మీరు డ్యూటీ ఎక్కినా ఇస్తారు. జీతం పెరిగినా ఇస్తారు. కంపెనీ మారినా, ఊరు మారినా ఇస్తారు. "పనిలోకి వెళ్లాను కదా, ఇంకేం ఇస్తారులే" అని బోర్డు ముఖమే చూడనివాళ్లు మన పారిశ్రామిక వాడల్లో ప్రతి గల్లీలో ఉన్నారు.

మన ప్రెస్ ఆపరేటర్‌కే ఒక చేతి వేళ్లు రెండు పోయాయనుకోండి. చట్టంలోని షెడ్యూలు ప్రకారం ఒకే చేతి వేళ్లు రెండు పోతే 20 శాతం. రోజుకు 540లో 20 శాతం అంటే 108, ముప్ఫై రోజుల నెలకు 3,240 రూపాయలు. ముప్ఫై ఏళ్ల వయసులో ఉన్న మనిషికి ఇది ఎన్నేళ్లు వస్తుందో మీరే లెక్క వేసుకోండి. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ పోతే 7. ఏడు శాతమే కదా అని వదిలేయకండి. ఇదే ఆపరేటర్‌కు ఏడు శాతమంటే నెలకు వెయ్యికి పైనే.

వేలు పోతే బోర్డుకు కంటికి కనిపిస్తుంది. భుజం పట్టేయడం, నడుము నొప్పి, మణికట్టు తిరగకపోవడం అలా కనిపించవు. షెడ్యూలులో లేని గాయాలకు శాతం బోర్డు అంచనా మీదే ఆధారపడుతుంది, ఆ అంచనా మీ కాగితాల మీద ఆధారపడుతుంది. మొదటి రోజు ఎక్స్‌రే, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపీ చీటీలు తేదీల వరసలో ఒక ఫైల్‌లో పెట్టండి. దానిపైన మీ పని గురించి అర పేజీ రాసి పెట్టండి: షిఫ్టుకు ఎన్ని షీట్లు ఎత్తుతారు, ఎంత ఎత్తుకు ఎత్తుతారు, ఏ చేత్తో లివర్ లాగుతారు, ఎంతసేపు నిలబడతారు. బోర్డులో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. "నొప్పిగా ఉంది సార్" అంటే వాళ్లు రాసుకోవడానికి ఏమీ ఉండదు. "భుజం మీదకు చెయ్యి లేవదు, పైన ఉన్న రాక్ నుంచి డై దించలేను" అంటే ఉంటుంది. లేనిది చెప్పకండి, నటించకండి. వాళ్లు రోజూ ఇదే పని చేసే డాక్టర్లు. ఒక్క అబద్ధం దొరికితే మీ నిజమైన నొప్పిని కూడా నమ్మరు.

బోర్డు కొన్నిసార్లు తాత్కాలికంగా శాతం ఇచ్చి, కొంతకాలం తర్వాత మళ్లీ రమ్మంటుంది. ఆ లెటర్ పాత అద్దె ఇంటికి వెళ్తుంది, మీరు రూము మారి ఉంటారు, తేదీ దాటిపోతుంది, డబ్బు ఆగిపోతుంది. ఇల్లు మారినా, ఫోన్ నంబర్ మారినా బ్రాంచ్ ఆఫీసులో మార్పించుకోండి. శాతం తక్కువ వేశారనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ ఉంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆర్డర్ చేతికొచ్చిన వారంలోనే యూనియన్ వాళ్లతోనో, లేబర్ కేసులు చూసే లాయర్‌తోనో మాట్లాడండి. ఆసుపత్రి బయట తిరుగుతూ "ఇంత ఇస్తే శాతం పెంచిస్తా" అనేవాడికి పైసా ఇవ్వకండి, మీ ఫైల్ వాడి చేతికి అసలే ఇవ్వకండి.

కాంట్రాక్టు కార్మికులకు ఒక మాట. ఈఎస్‌ఐ నంబర్ జీవితాంతం ఒక్కటే. వర్క్ ఆర్డర్ చేతులు మారినప్పుడల్లా కొత్త కాంట్రాక్టర్ సులువుగా ఉంటుందని కొత్త నంబర్ తీసేస్తాడు. ప్రమాదం పాత నంబర్ మీద, ఇప్పటి పని కొత్త నంబర్ మీద ఉంటే మీ కేసు ముక్కలవుతుంది. పాత నంబర్ చూపించి దానిమీదే చేర్చమనండి. ఇంకా ఘోరం, ప్రమాదం జరిగాక హడావుడిగా నంబర్ తీయడం. అలా జరిగితే మెయిన్ కంపెనీకి కూడా బాధ్యత ఉంటుందని గుర్తుపెట్టుకోండి. మీరు అంతకుముందే అక్కడ పని చేస్తున్నారని చూపించే గేట్ పాస్, మస్టర్ ఫొటో, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ పోగొట్టుకోకండి.

తిరిగి పనిలోకి వెళ్లిన రోజున కంపెనీ మీ ముందు కొన్ని కాగితాలు పెడుతుంది. డిక్లరేషన్ అంటారు, ఫార్మాలిటీ అంటారు. చదవకుండా సంతకం పెట్టవద్దు. నేను చూసినంతలో మూడు రకాలు వస్తాయి. ప్రమాదం నా నిర్లక్ష్యం వల్లే జరిగింది, ఇకపై కంపెనీపై ఏ క్లెయిమూ లేదు అనేది ఒకటి. పాత ఉద్యోగానికి రిజైన్ చేసి హెల్పర్‌గా కొత్తగా చేరుతున్నాను అనేది రెండోది. ఇది ప్రమాదకరం, ఎందుకంటే గ్రాట్యుటీ సర్వీసు అక్కడితో తెగిపోతుంది, జీతమూ కింది గ్రేడుకు పడిపోతుంది. మూడోది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. దానితో పాటు పీఎఫ్ ఫారాలు పెట్టి అన్నీ తీసుకోమంటారు. అందులో 10సీ ఫారం ఉంటే ఆగండి. అది పెన్షన్ వాటా తీసేసుకునే ఫారం. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి అనర్హులైనవాళ్లకు ఈపీఎఫ్ పెన్షన్ పథకంలో వైకల్య పింఛను ఉంది. దానికి పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. చేతిలో పడే ఇరవై, ముప్ఫై వేల కోసం ఆ హక్కు వదులుకోవద్దు. "ఇంట్లో చూపించి రేపు ఇస్తాను" అని కాగితం ఫొటో తీసుకుని బయటికి రండి. ఒక్క రోజు ఆగినంత మాత్రాన ఉద్యోగం పోదు.

ప్రైవేటు ఉద్యోగులకు ఉన్నదున్నట్టు చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అంటుంది. సరిపడే పోస్టులోకి అదే జీతంతో మార్చాలి, పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి అంటుంది. అది 20వ సెక్షన్, నాలుగో సబ్‌సెక్షన్. కానీ అది ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేటు ఫ్యాక్టరీలో మీకు ఆ రక్షణ లేదు. అందుకే అక్కడ మీరు ఏ పని చేయగలరో మీరే తేల్చుకుని అడగాలి. డిస్పాచ్, క్వాలిటీ చెకింగ్, స్టోర్స్, టూల్ క్రిబ్, సీసీ కెమెరా రూము లాంటి రెండు మూడు చోట్ల పేర్లు చెప్పండి. "ఏదో ఒకటి ఇవ్వండి" అంటే ఊడ్చే పని ఇస్తారు.

ప్రభుత్వ ఉద్యోగులు, ఆర్టీసీ వాళ్లు, సింగరేణి వాళ్లు మాత్రం మెడికల్ బోర్డు "అన్‌ఫిట్" అనగానే అంతా అయిపోయిందనుకోకండి. కళ్లకు వర్ణాంధత్వం ఉందని రిటైర్ చేసిన ఆర్టీసీ డ్రైవర్ కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో, 1979 నాటి కార్మిక ఒప్పందాన్ని చూపించి, డ్రైవర్ జీతానికి తగ్గని వేరే ఉద్యోగం ఇవ్వమని సంస్థను ఆదేశించింది. వేరే పని చూపించడానికి సంస్థ నిజంగా ప్రయత్నం చేయాలన్నది అందులోని సారం. అయితే ఆ డ్రైవర్ ఉద్యోగం పోయింది 2016లో, న్యాయం దొరికింది 2025లో. అంతకాలం కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక అందరికీ ఉండదు. అందుకే అన్‌ఫిట్ ఆర్డర్ రాకముందే, డాక్టర్ "ఈ పని చేయలేరు" అన్న రోజే, ప్రత్యామ్నాయ పోస్టు కోరుతూ దరఖాస్తు పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి. సింగరేణిలో మెడికల్ ఇన్‌వాలిడేషన్ అయితే వారసుడికి ఉద్యోగం వస్తుంది కాబట్టి ఇంట్లో లెక్క వేరేగా ఉంటుంది. ఆ లెక్కలో మీకు మిగిలిన సర్వీసు జీతం, కొడుకు మొదటి జీతం పక్కపక్కన రాసి చూడండి. పదేళ్లకు పైగా సర్వీసున్న మనిషి ఆవేశంలో తేల్చుకునే విషయం కాదిది.

మూడో రకం, రాష్ట్ర ప్రభుత్వ పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. మంచానికి, వీల్‌చెయిర్‌కు పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఈఎస్‌ఐ బోర్డు ఇచ్చిన శాతం పట్టుకుని పింఛనుకు వెళ్తారు, సదరం (పింఛనుకు కావాల్సిన ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్) శాతం పట్టుకుని ఈఎస్‌ఐకి వెళ్తారు. రెండింటి కొలతలు వేరు. ఈఎస్‌ఐది సంపాదన తగ్గుదల, సదరంది శరీర వైకల్యం. ఒకటి 20 ఉండగా రెండోది 40 రావచ్చు, రాకపోవచ్చు.

ఈ పింఛను ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు ఉద్దేశించింది. ఆంధ్రలో కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదని నిబంధన. కారు ఉండకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతూ ఉండకూడదు, కరెంటు వాడకం 300 యూనిట్ల లోపు ఉండాలి. పింఛను తీసుకుంటున్న మనిషికి 14,000 జీతంతో ఉద్యోగం వస్తే నిజంగా మిగిలేది ఎంతో చూడాలి. పింఛను 6,000 పోయి, బస్సు ఖర్చు, బయట తిండి 3,000 అయితే మిగిలింది 5,000. ఆ అయిదు వేలతో పాటు ఈఎస్‌ఐ, పీఎఫ్, సర్వీసు వస్తాయి కాబట్టి నా సలహా ఉద్యోగమే. కానీ ఆ ఉద్యోగం నెల రోజుల ట్రయల్ అయితే, కాంట్రాక్టర్ ఎప్పుడు తీసేస్తాడో తెలియకపోతే, అది ఎంత నిలబడుతుందో ముందు అడిగి తెలుసుకోండి. పోయిన పింఛను మళ్లీ తెచ్చుకోవడం కాళ్లరిగే పని. పూర్తి వైకల్యం కింద 15,000 తీసుకుంటూ పనికి వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. 2025లో ప్రభుత్వం వైద్య బృందాలతో మళ్లీ పరీక్షలు చేయించినప్పుడు చాలామందికి నోటీసులు వెళ్లాయి. పరీక్షకు పిలిస్తే పని మానేసైనా వెళ్లండి.

ఆంధ్ర పింఛను ఉండి హైదరాబాద్‌లో పని చేసేవాళ్లకు ఇంకో చిక్కు. పింఛను ఒకటో తారీఖున ఇంటి దగ్గర ఇస్తారు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంది. అంతకు మించి ఊరికి వెళ్లకపోతే వలస వెళ్లిపోయారని ఆపేయవచ్చు. సెలవులు దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి పాత ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ నంబర్లతో వాదించకండి. ప్రయోజనం పేరు చెప్పి అడగండి: టీడీబీ, పీడీబీ, మెడికల్ బోర్డు. కౌంటర్‌లో వాళ్లకు ఆ పేర్లే తెలుసు.

పనిలోకి వెళ్లాక వచ్చే మొదటి పేస్లిప్ జాగ్రత్తగా చూడండి. ఈఎస్‌ఐ వేతన పరిమితి 2017 నుంచి 21,000, వైకల్యం ఉన్న ఉద్యోగులకు 25,000. మీకు వైకల్య సర్టిఫికెట్ ఉంటే ఆ కాపీ హెచ్‌ఆర్‌కు ఇవ్వండి, లేకపోతే జీతం 21,000 దాటితే ఆ కంట్రిబ్యూషన్ కాలం ముగిశాక మిమ్మల్ని ఈఎస్‌ఐ నుంచి తీసేస్తారు. 18,000 జీతం మీద మీ వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు కట్ అయి ఉండాలి. కట్ కాలేదంటే మిమ్మల్ని రోల్స్‌లో పెట్టకుండా వోచర్ మీద జీతం ఇస్తున్నారేమో చూసుకోవాలి. ఆ నెలలోనే పేస్లిప్ పట్టుకుని టైమ్ ఆఫీసులో అడగండి.